అర్చిన్ డొల్ల, 40 ముక్కల లాంతరు: ఒక జువాలజీ పెట్టె డైరీ

మా కాలేజీ జువాలజీ ల్యాబులో ఎకైనోడెర్మేటా (సముద్ర తారలు, అర్చిన్లు, సముద్ర దోసకాయల వర్గం) అంటే ఒక్క సీసా. అందులో ఒక సముద్ర తార, అడుగున తెల్లటి మడ్డి. పటకారుతో పైకి తీస్తే చెయ్యి ఉడికిన బెండకాయలా వేలాడిపోయింది. ఆ ఫార్మాలిన్‌లో పీహెచ్ కాగితం ముంచితే 4 చూపించింది. ఏళ్ళ తరబడి మార్చని ఫార్మాలిన్‌లో ఫార్మిక్ ఆమ్లం పుడుతుంది. తార ఒంట్లో ఉన్నది కాల్సైట్, సున్నపురాయి జాతి. దాన్ని ఆమ్లం తినేసింది. పిల్లలేమో "గట్టి అంతరాస్థిపంజరం ఉంటుంది" అని రికార్డులో రాసి, ఈ బెండకాయని చూసి గుర్తుపట్టి మార్కులు తెచ్చుకుంటున్నారు.

దాని బదులు పొడి నమూనాల పెట్టె ఒకటి నవంబరులో మొదలుపెట్టి మార్చిలో ముగించాను. చేసుకునేవాళ్ళు నా అంత పాడుచెయ్యకూడదని ఈ లెక్కలన్నీ రాస్తున్నాను.

ముందే ఒక మాట. సముద్ర దోసకాయ జోలికి పోలేదు. 2001 నుంచి వన్యప్రాణి చట్టం కింద దాన్ని పట్టడం, దగ్గర పెట్టుకోవడం నేరం. వలలో పడింది కదా అని తెచ్చుకున్నా అంతే. పెట్టెలో దాని గడిలో బొమ్మే ఉంటుంది.

దశ 1: నీళ్ళు (నవంబరు)

అర్చిన్లు, అంటే ఒళ్ళంతా ముళ్ళున్న గుండ్రటి సముద్ర జీవులు, దొరకడం కష్టం కాలేదు. విశాఖ తెన్నేటి పార్కు కింద రాళ్ళ బొరియల్లో నల్లవి, స్టొమోప్న్యూస్టెస్, ఇరుక్కుని కూర్చుంటాయి. ఒకదాన్ని కదపబోయాను. ముళ్ళన్నీ బొరియ గోడకి తన్నిపెట్టి బిగుసుకుంది. ఇంకా లాగితే పగులుతుందని వదిలేశాను. ఫిషింగ్ హార్బరే నయం. ట్రాలు బోటు వల దులిపి రొయ్యలు, చేపలు ఏరుకున్నాక మిగిలే కుప్పలో ముళ్ళ మీద ఎర్ర పట్టీలున్న సాల్మాసిస్ అర్చిన్లు కనిపించాయి.

"ఈ ముళ్ళ బంతుల్తో ఏటి సేస్తారు మేస్టారూ? కూరకి పనికిరావు" అంటూనే ఒక కలాసీ బతికున్నవి 6 ఏరి బకెట్లో వేశాడు.

నీళ్ళ దగ్గర తెలివి తక్కువ పని చేశాను. హార్బరు నీటి మీద నూనె తెట్టు ఉందని, వచ్చే దారిలో బీచ్ రోడ్డు పక్కన ఆగి రెండు బకెట్లు ముంచుకున్నాను. మెట్లు దిగడానికి వీలుగా ఉన్న చోటు అది. గెడ్డ (వాగు) వచ్చి కలిసే చోటు కూడా అదే. అంతకు ముందు వారమంతా వాయుగుండం వాన.

మొదటి రాత్రి: నాళికా పాదాలు (గొట్టాల్లాంటి చిన్న కాళ్ళు) బయటికి చాచలేదు. తొట్టి గోడకి ఒక్కటీ అంటుకోలేదు.
మర్నాడు పొద్దున: నిక్కపొడుచుకుని ఉండాల్సిన ముళ్ళు వాలిపోయాయి.
మర్నాటి సాయంత్రం: వేలితో తాకితే ముళ్ళు రాలుతున్నాయి. 2 చచ్చాయి.
మూడో రోజు: ఇంకో 2.

అప్పుడు వెళ్ళి హైడ్రోమీటరు కొన్నాను. ముందు కొనాల్సింది. నా బకెట్లో సాంద్రత 1.016. మామూలు సముద్రపు నీరు 1.025 అటూఇటూ ఉండాలి. వానల తర్వాత మన ఒడ్డున కొంత తగ్గుతుంది గానీ మరీ ఇంత కాదు. నేను ముంచుకున్నదాంట్లో మూడో వంతు పైగా గెడ్డ నీరే.

ఈ జీవులకి మూత్రపిండాల్లాంటివి లేవు. ఒంట్లోని ద్రవం ఉప్పదనం బయటి సముద్రంతో సమానంగా ఉంటుంది. సర్దుబాటు చేసుకునే ఏర్పాటే లేదు. ఒంట్లోని నీటి గొట్టాలు చూడండి: మాడ్రిపోరైట్ అనే జల్లెడ పలక నుంచి రాతి నాళం, వలయ నాళం, అయిదు ఆర నాళాలు, చివర నాళికా పాదాలు, అన్నిట్లో నిండి ఉండేది ఇంచుమించు సముద్రపు నీరే. బతికున్న జాతులు 7,000 దాకా ఉన్నా మంచినీటిలో బతికేది ఒక్కటీ లేకపోవడం ఊరికే కాదు. ఈ ముక్క నేను ఏటా బోర్డు మీద రాస్తాను.

మార్చిన పద్ధతి:

1. నీళ్ళు ఒడ్డున ముంచకూడదు. కలాసీకి 20 లీటర్ల డబ్బా ఇచ్చి, లోపల సముద్రంలో నింపి తెమ్మన్నాను. 1.021 వచ్చింది.
2. పాత నీటిలోంచి కొత్త నీటిలోకి ఒక్కసారిగా వెయ్యలేదు. అరగంటకో మగ్గు చొప్పున 4 గంటలు మార్చాను.
3. తొట్టికి 2 అర్చిన్లే. ఎయిర్ పంపు ఆపకూడదు. రోజుకి మూడో వంతు నీరు మార్పు.

మిగిలిన రెండూ ఆ రాత్రే తేరుకున్నాయి. ఒకదాన్ని తిరగేసి పెట్టి టైము చూశాను. పక్కనున్న నాళికా పాదాలు ఒక్కొక్కటే సాగి, గాజుకి అంటుకుని, లాగి, ముళ్ళని కర్రల్లా ఊతం పెట్టుకుంటూ 2 నిమిషాల 50 సెకన్లకి తిరగబడింది. బాగున్నదో లేదో తెలుసుకోవడానికి ఇంతకంటే తేలిక పరీక్ష లేదు. ఆ తర్వాత రోజూ ఇదే చేశాను. 5 నిమిషాలు దాటితే నీళ్ళు మార్చడమే.

ఇప్పటికి: అర్చిన్లు తెచ్చినవి 6, చచ్చినవి 4. ఖర్చు రూ. 610 (హైడ్రోమీటరు 350, డబ్బా, తొట్టి 260).

దశ 2: బ్లీచ్ (నవంబరు చివర, డిసెంబరు)

చచ్చిన నాలుగూ చేతిలో ఉన్నాయి కనుక ముళ్ళు, మాంసం పోగొట్టి బంతిలాంటి డొల్ల మిగిలేలా శుభ్రం చేసే పని మొదలైంది. నాలుగింటినీ నాలుగు రకాలుగా పాడుచేశాను.

మొదటిది. బజారులో దొరికే ద్రవ బ్లీచ్, నీళ్ళు కలపకుండా, గిన్నెలో పోసి అర్చిన్‌ని ముంచి ఇంటికెళ్ళిపోయాను. పొద్దున చూస్తే గిన్నెలో బంతి లేదు. అడుగున తెల్లటి పలకల కుప్ప, సంక్రాంతి ముగ్గులో పోసిన బియ్యంలా. నీళ్ళు వంపేటప్పుడు సగం సింకులోకి పోయాయి. దాని నోట్లోని లాంతరు (దవడల గూడు) కూడా.

రెండోది. "శంఖాలు ఉడకబెడతారు కదండీ, లోపలి మాంసం ఊడి వచ్చేస్తుంది" అన్నాడు మా ల్యాబ్ అటెండరు. నిజమే, బీచ్‌లో గవ్వలు అమ్మేవాళ్ళు అలాగే చేస్తారు. 10 నిమిషాలు ఉడికించాను. మాంసం ఊడలేదు, డొల్ల మధ్యలో పగిలింది. ల్యాబులో వాసన రెండు రోజులుంది.

మూడోది. బ్లీచ్ పల్చగా కలిపి సరిగ్గానే నానబెట్టాను. తొందరపడి, ఇంకా ఊడని ముళ్ళని పటకారుతో పీకాను. ముల్లుతో పాటు అది కూర్చునే బొడిపె, బొడిపెతో పాటు పలక వచ్చాయి. డొల్లకి పెద్ద బొక్క.

నాలుగోది అసలు ప్రమాదం. బ్లీచ్ బకెట్ మీద చీటీ అంటించలేదు, అది నా తప్పు. డొల్ల మీద తెల్ల తెట్టు ఉందని, సాయం చేద్దామని అటెండరు అందులో బాత్రూం యాసిడ్ ఒక మూత పోశాడు. బుస్సుమని పొంగింది, పచ్చగా ఘాటు వాయువు లేచింది. క్లోరిన్. కళ్ళు మండి అందరం వరండాలోకి పరిగెత్తాం. కిటికీలన్నీ తీసి అరగంట ఎవర్నీ లోపలికి పోనివ్వలేదు. డొల్ల పైభాగం కాగితంలా పల్చబడి చిల్లులు పడింది. బ్లీచ్‌నీ ఆమ్లాన్నీ ఒకే బల్ల మీద పెట్టకండి. ఇది మాత్రం పెద్ద అక్షరాలతో రాసి గోడకి అంటించాను.

నాలుగు బొచ్చెలు వరసగా బల్ల మీద పెట్టుకుని కూర్చుంటే సంగతి అర్థమైంది. నాలుగుసార్లూ దాన్ని గుల్ల అనుకునే పని చేశాను. గవ్వని నత్త తన ఒంటి బయట కట్టుకుంటుంది, మాంసం తీసేసినా గవ్వ గవ్వే. అర్చిన్‌ది గుల్ల కాదు, ఎముక. పైన పల్చటి చర్మం ఉంటుంది, ముళ్ళ మీద కూడా. పలకని పలకతో కుట్టి ఉంచేది సన్నటి కొల్లాజెన్ పోగులు. బ్లీచ్‌కి చర్మమేదో, కుట్టు దారమేదో తేడా తెలియదు, ముందు ఒకటి, తర్వాత ఇంకొకటి తినేస్తుంది. చర్మం పోయి కుట్టు మిగిలే ఆ మధ్య సమయం పట్టుకోవడమే పనంతా.

చివరికి నిలిచిన పద్ధతి (దశ 4లో చచ్చిన వాటితో చేశాను, 58 నుంచి 65 మి.మీ. వెడల్పువి):

1. ముందు నోటి చుట్టూ ఉన్న మెత్తటి పొరని చిన్న కత్తెరతో కోసి, లాంతరు పూర్తిగా బయటికి తియ్యాలి. పేగు, బీజకోశాలు (గుడ్లు, వీర్యం పుట్టే సంచులు) చెంచా వెనకతో తీసెయ్యాలి.
2. ద్రవ బ్లీచ్ 1 వంతు, మంచినీరు 3 వంతులు. బ్లీచింగ్ పౌడర్ వద్దు, సున్నం పట్టేస్తుంది.
3. 15 నిమిషాలకోసారి తీసి, నీటి కింద మెత్తటి బ్రష్‌తో తడమాలి. నాకు ముళ్ళు 35, 40 నిమిషాల మధ్య వాటంతటవే రాలాయి. పీకకూడదు.
4. వేలికి జిగురు తగలడం ఆగిందంటే తీసెయ్యాలి. నాకు పట్టిన ఎక్కువ సమయం 70 నిమిషాలు. ఇంకా కొంచెం రంగు ఉంది కదా అని ఆగితే కుట్లు వదులుతాయి. సాల్మాసిస్ డొల్లకి దాని రంగు ఎలాగూ ఉంటుంది.
5. మంచినీరు మారుస్తూ ఒక రోజు. నీడలో, న్యూస్‌పేపరు మీద 3 రోజులు. ఎండలో వద్దు.
6. తెల్ల జిగురు 1 వంతుకి నీరు 4 వంతులు కలిపి లోపలి వైపు మాత్రం ఒక పూత.

ఇప్పటికి: డొల్లలు పాడైనవి 4, నిలిచినవి 0. ఖర్చు రూ. 1,040 (బ్లీచ్ 220, గ్లవ్స్, కళ్ళజోడు 210).

మొదటిదాని పలకలు పారెయ్యలేదు. సింకులోకి పోగా మిగిలినవి ఆరబెట్టి 10 రెట్ల భూతద్దం కింద వేరు చేశాను. జంటజంటగా సన్నటి రంధ్రాలున్నవి ఒక పక్క, లేనివి ఒక పక్క. ఒక్కో జంట రంధ్రాల మీద ఒక నాళికా పాదం నిలబడి ఉండేది. ఆ పాదంలోకి ద్రవం వెళ్ళడానికి, రావడానికి రెండు దారులు. పూర్తి డొల్లలో ఇవి రెండు వరసలు, అవి రెండు వరసలు, అలా మొత్తం 20 నిలువు వరసలు. నడినెత్తిన 5 జననేంద్రియ పలకలు, వాటి సందుల్లో 5 చిన్న పలకలు. ఆ పెద్ద అయిదింట్లో ఒకటి మిగతావాటికంటే మందంగా, గరుగ్గా ఉంది. దీపానికి ఎదురుగా పెడితే ఒళ్ళంతా సూది మొనల్లాంటి వెలుతురు చుక్కలు. మాడ్రిపోరైట్ అంటూ ఇన్నేళ్ళు బోర్డు మీద గుండ్రం గీసి చూపించిందే గానీ, చేత్తో పట్టుకోవడం ఇదే మొదలు. పాడైన డొల్ల వల్ల కలిగిన లాభం ఇది.

దశ 3: లాంతరు (డిసెంబరు)

అర్చిన్ నోట్లో ఉండే దవడల గూడుని అరిస్టాటిల్ లాంతరు అంటారు. ఆయన తన జంతువుల గ్రంథంలో దీన్ని, చుట్టూ ఉండే కొమ్ము రేకులు తీసేసిన లాంతరుతో పోల్చాడు. పుస్తకాల ప్రకారం ఇందులో 40 ముక్కలు. 40నీ విడదీసి అట్ట మీద అతికించాలని నా పట్టుదల.

రెండో అర్చిన్ లాంతరు: బ్లీచ్‌లో విడదీసి, సింకు దగ్గర కడిగాను. తర్వాత లెక్క 31. మిగతా 9 ఎక్కడికి పోయాయో సింకుకే తెలియాలి. మర్నాడు రూ. 20 పెట్టి టీ వడకట్టు కొన్నాను. ఈ ప్రాజెక్టు మొత్తానికి అన్నిటికంటే పనికొచ్చిన పరికరం అదే.

మూడో దాని లాంతరు: వడకట్టులోనే పెట్టి, వడకట్టుతో సహా బ్లీచ్‌లో ముంచాను. 25 నిమిషాలకి కండరాలు పోయి విడిపోయింది. ఒక్కటీ పోలేదు. లెక్కపెడితే 25. మళ్ళీ లెక్కపెట్టాను. 25. సింకు జాలీ తీసి వెతికాను. అటెండరు చేత చెత్తబుట్ట తిరగెయ్యించాను. గంటన్నర పోయింది.

పోలేదు. అతుక్కుని ఉన్నాయి. పెద్ద దవడ ముక్క అనుకున్న ఒక్కోదాని నెత్తిన ఇంకో చిన్న ముక్క సన్నటి కుట్టుతో కూర్చుని ఉంది. అవి 10. పైన అడ్డంగా ఉండే సన్నటి పుల్లలు, కంపాస్‌లు, ఒక్కోటీ ఒకటి కాదు, రెండు ముక్కల అతుకు. అవి 5. ఇంకో 20 నిమిషాలు బ్లీచ్‌లో ఉంచి, సూదితో నిమిరితే విడిపోయాయి.

పళ్ళు 5
అర్ధ దవడలు 10, మొత్తం 15
వాటి నెత్తి ముక్కలు, ఎపిఫైసిస్‌లు 10, మొత్తం 25
ఆకుల్లా సందుల్లో కూర్చునే రోట్యులాలు 5, మొత్తం 30
కంపాస్ ముక్కలు 10, మొత్తం 40

మొదటి 25లో, ఈ పట్టికలోని 25లో ఉన్నవి ఒకటే ముక్కలు కావు. ఆ పొరపాటు మీరూ పడకండి.

పన్ను ఒక్కటి తీసి చూడండి. కింది కొన ఉలిలా పదును, గోరు కిందకి గుచ్చుకుంటుంది. పైకి పోయేకొద్దీ మెత్తబడి, పైకొన తడి దూదిలా ఉంటుంది. అక్కడే పన్ను కొత్తగా పెరుగుతూ ఉంటుంది. రాతిని గీకి కింద అరిగిపోతూ ఉంటే పైనుంచి దిగుతూ ఉంటుంది, మన పెన్సిలు ముల్లులా. రెండోసారి బ్లీచ్‌లో వేసినప్పుడు 5 పళ్ళలో 3 పళ్ళ పైకొనలు పొడి అయిపోయాయి. అందుకని పళ్ళని మొదటి 25 నిమిషాలకే తీసెయ్యాలి, దవడల్ని మాత్రమే రెండోసారి వెయ్యాలి.

నాలుగో దాని లాంతరుని విడదియ్యకుండా 10 నిమిషాలు మాత్రం పల్చటి బ్లీచ్‌లో ఉంచి అలాగే ఆరబెట్టాను. విడదీసిన అట్ట పక్కన పూర్తి లాంతరు లేకపోతే 40 ముక్కలూ పిల్లలకి పుల్లల కట్టలా కనిపిస్తాయి.

ఇప్పటికి: లాంతర్లు 4లో పోయినవి 2, నిలిచినవి 2. ఖర్చు రూ. 1,190.

దశ 4: గుడ్లు (జనవరి, ఫిబ్రవరి)

ఇది పెట్టెలో లేని పని. తొట్టిలో రెండు బతికి ఉన్నాయి కదా, వాటి చేత గుడ్లు, వీర్యం విడిపించి చూద్దామని దిగాను. నీటి సాంద్రత ఈపాటికి 1.024కి వచ్చింది.

పొటాషియం క్లోరైడ్ 3.73 గ్రాములు 100 మి.లీ. డిస్టిల్డ్ వాటర్‌లో కలిపితే 0.5 మోలార్ ద్రావణం. అందులో 1 మి.లీ. ఇన్సులిన్ సిరంజితో, నోటి చుట్టూ ఉన్న మెత్తటి పొరలోంచి, లాంతరుకి తగలకుండా పక్కకి వాల్చి ఎక్కించాలి. బీజకోశాల కండరాలు బిగుసుకుని, ఉన్నదంతా బయటికి వస్తుంది.

మొదటి అర్చిన్ నెత్తిన పాలలాంటి తెల్లటిది వచ్చింది. మగది. రెండోదీ తెల్లదే. పైకి చూసి ఆడో మగో చెప్పడానికి దీనికి ఏ గుర్తూ ఉండదు. రెండింటితో మొదలుపెట్టడమే తప్పు. రెండూ మర్నాటికి చచ్చాయి, ద్రావణం ఎక్కువైందనుకుంటాను. దశ 2లో చెప్పిన పద్ధతి మొదట పారింది వీటి మీదే. మొదటి రెండు మంచి డొల్లలు అలా వచ్చాయి.

జనవరి చివర హార్బరుకి వెళ్ళి ఇంకో 7 తెచ్చుకున్నాను. ఈసారి మోతాదు అర మి.లీ. 5 అర్చిన్లకి ఎక్కిస్తే 3 ఆడవి, 2 మగవి.

ఆడదాన్ని తలకిందులుగా, సముద్రపు నీరు నిండిన చిన్న బీకరు మూతి మీద కూర్చోబెట్టాలి. ఒక నిమిషం ఏమీ ఉండదు. తర్వాత నీటిలోకి అయిదు దారాలు దిగుతాయి, లేత నారింజ రంగువి, ఒక్కో జననేంద్రియ పలక రంధ్రం నుంచి ఒకటి. అయిదూ తిన్నగా అడుగు దాకా దిగి అక్కడ ఇసుకలా పరుచుకుంటాయి. క్లాసులో అప్పటిదాకా ఫోను చూసుకుంటున్నవాళ్ళు కూడా లేచి వచ్చారు. పంచభాగ సౌష్ఠవం (ఒళ్ళు అయిదు సమాన భాగాలుగా ఉండడం) అనే మాట ఆ రోజు నేను ఎత్తలేదు, అవసరం రాలేదు.

మొదటి ప్రయత్నం పాడైంది. వీర్యం చిక్కటిదే ఒక చుక్క గుడ్ల మీద వేశాను. నిమిషంలో గుడ్ల చుట్టూ పొర లేచింది, బాగానే ఉందనుకున్నాను. తర్వాత చూస్తే కణాలు రెండుగా కాకుండా ఒకేసారి మూడు, నాలుగు, వంకరటింకరగా చీలాయి. ఒక్క గుడ్డులోకి ఒకటికి మించి వీర్యకణాలు దూరితే ఇంతే. పొర లేచేలోపే అవి దూరిపోయాయి.

మార్చినవి:

1. గుడ్లని రెండుసార్లు తేర్చి కొత్త సముద్రపు నీటిలో కడిగాను.
2. వీర్యం ఒక చుక్కని 10 మి.లీ. నీటిలో కలిపి, అందులోంచి 2 చుక్కలే వాడాను. కలిపిన వెంటనే వాడాలి, ఆగితే చురుకు పోతుంది.
3. సూక్ష్మదర్శిని దీపం చూసేటప్పుడే వెయ్యాలి. స్లైడు వేడెక్కి మొదటి బ్యాచ్‌లో కొన్ని అలా కూడా పోయాయి.

రెండో ప్రయత్నంలో 50 గుడ్లు లెక్కపెడితే 46 చుట్టూ పొర లేచింది. 55 నిమిషాలకి రెండు కణాలు. 1876లో జర్మనీ శాస్త్రవేత్త ఆస్కార్ హెర్ట్‌విగ్, గుడ్డు కేంద్రకం వీర్యకణ కేంద్రకంతో కలవడం చూసి రాసింది అర్చిన్ గుడ్లలోనే. మా సూక్ష్మదర్శినిలో కేంద్రకాలు కలవడం కనబడలేదు. పొర లేవడం మాత్రం ఎంత పాత కటకంలోనైనా కనబడుతుంది.

మర్నాడు పొద్దునకి పైపైన గిరగిరా తిరిగే చుక్కలు. మూడో రోజుకి ప్లూటియస్ అనే డింభకాలు (పిల్ల రూపాలు), తిరగేసిన గుడారాల్లా. ఇక్కడ ఒక పిల్ల అడిగింది, "సార్, ఇది అయిదు కాదు కదా, కుడి ఎడమ రెండే ఉన్నాయి." అవును, డింభకం మనలాగే కుడి ఎడమల జీవి. అయిదు భాగాలు తర్వాత, దాని లోపల ఒక పక్క మొగ్గలా మొదలవుతాయి.

పాత కాలిక్యులేటరు తెర నుంచి తీసిన పోలరాయిడ్ ముక్కలు (ఒకే దిశలో కంపించే వెలుతురుని మాత్రం పోనిచ్చే రేకులు) రెండు ఉన్నాయి నా దగ్గర. ఒకటి స్లైడు కింద, ఒకటి పైన పెట్టి, పైదాన్ని తిప్పాను. వెలుతురు పూర్తిగా పోయి నల్లటి తెర మీద డింభకం మాయమైంది. దాని లోపలి పుల్లలు మాత్రం వెండి గీతల్లా వెలిగాయి. కాల్సైట్ స్ఫటికాలు. మూడు రోజుల పిల్ల, చుక్కంత లేదు, ఒంట్లో అప్పుడే ఎముక ఉంది.

వారం దాటి బతికించలేకపోయాను. వాటికి తిండి ఏకకణ శైవలాలు, నా దగ్గర లేవు.

ఇప్పటికి: అర్చిన్లు 13. పాడైనవి 4, మంచి డొల్లలు 4 (ఇంజక్షన్ తర్వాత ఇంకో 2 చచ్చాయి), ప్రాణంతో సముద్రంలో వదిలినవి 5. ఖర్చు రూ. 1,420.

దశ 5: తారలు (ఫిబ్రవరి)

తారని బ్లీచ్‌లో వెయ్యకండి. అర్చిన్ పలకలు పక్కపక్కనే కుట్టినట్టుంటాయి కనుక కొంతసేపైనా నిలుస్తాయి. తార ఎముకలు చర్మంలో వదులుగా తేలే చిన్న ముక్కలు, చర్మం పోతే మిగిలేది రవ్వ. నేను వెయ్యలేదు, అంతవరకు నేర్చుకున్నాను.

వలలో దొరికిన ఆస్ట్రోపెక్టెన్ తారలు 3. మొదటిదాన్ని 70 శాతం ఆల్కహాల్‌లో ఒక రోజు ఉంచి నీడలో ఆరబెట్టాను. పైకి బాగానే ఉంది. నాలుగో రోజు పెట్టె తెరిస్తే కంపు. నడుము ఉబ్బి ఉంది. కోసి చూస్తే పొట్టలో చిన్న చిన్న గవ్వలు, ఆల్చిప్పలు 11, ఒక్కటీ నలగలేదు. ఈ తార నాళికా పాదాలు మొనదేలి ఉంటాయి, చివర అంటుకునే బిళ్ళ ఉండదు. ఆల్చిప్పని పట్టి లాగి తెరిచే పని దీని వల్ల కాదు, మొత్తంగా మింగేస్తుంది. పైగా దీనికి మలద్వారం లేదు, ఖాళీ గుల్లలు నోట్లోంచే కక్కాలి. కక్కేలోపు నేను చంపేశాను. మిగతా రెండింటినీ శుభ్రమైన నీటిలో 2 రోజులు పస్తు ఉంచితే వాటంతటవే కక్కేశాయి.

పెళుసు తార (చేతులు తేలిగ్గా విరిగే తార జాతి జీవి) ఒక్కటే దొరికింది. తిన్నగా ఆల్కహాల్‌లో వేశాను. క్షణంలో చేతులన్నీ విరుచుకుంది. మధ్య బిళ్ళ ఒక పక్క, చేతులు 9 ముక్కలై ఇంకో పక్క. దీని కీళ్ళని పట్టి ఉంచే పోగులు దానికి భయం వేస్తే తమంతట తామే వదులైపోతాయి. ముందు మత్తు ఇవ్వాలి: మెగ్నీషియం క్లోరైడ్ 75 గ్రాములు లీటరు మంచినీటిలో, దానికి సమానంగా సముద్రపు నీరు. ముట్టుకున్నా కదలకుండా అయ్యేదాకా, అరగంట పైన. తర్వాతే ఆల్కహాల్. రెండు వారాల తర్వాత దొరికిన రెండోది అలా చేస్తే 5 చేతులతోనూ నిలిచింది.

ఇసుక బిళ్ళలకి (చదునైన అర్చిన్ జాతివి) కష్టపడలేదు. భీమిలి దగ్గర ఒడ్డుకి కొట్టుకొచ్చిన ఖాళీవి 3 దొరికాయి, కడిగి ఆరబెట్టడమే. ఒకటి విరిగింది. విరిగినదాన్నీ ఉంచాను, లోపల పైకప్పుకీ నేలకీ మధ్య స్తంభాలు దాంట్లోనే కనిపిస్తాయి.

ఇప్పటికి ఖర్చు రూ. 1,600.

దశ 6: పెట్టె (మార్చి)

వడ్రంగి చేత 60 సెం.మీ. పొడవు, 40 సెం.మీ. వెడల్పు పెట్టె, గాజు మూత. రూ. 1,150. కొలతలు నేనే తప్పిచ్చాను. గాజుకీ అడుగుకీ మధ్య 50 మి.మీ. పెట్టించాను, పెద్ద డొల్ల ఎత్తు 41, కింద దూది పరిస్తే పట్టలేదు. దూది తీసి నల్ల ఫెల్ట్ గుడ్డ అతికించాను. తెల్ల ముక్కలు దాని మీద ఇంకా బాగా కనిపిస్తున్నాయి. సిలికా జెల్ సంచులు రెండు, నీలం రంగు పోగానే మార్చాలి. మన ఊరి ఉక్కకి మార్చిలో 12 రోజులే వచ్చాయి.

మొదటి ప్రాక్టికల్ రోజు పిల్లలు లాంతరు అట్ట మీద ముక్కలు లెక్కపెట్టి 39 అన్నారు. నేను లెక్కపెట్టాను, 39. జిగురు ఊడి ఒక కంపాస్ ముక్క గాజు మూత అంచులోకి జారింది. టీ వడకట్టు మళ్ళీ బయటికి వచ్చింది.

చివరి లెక్క: అర్చిన్ డొల్లలు 4, లాంతర్లు 2, తారలు 2, పెళుసు తార 1, ఇసుక బిళ్ళలు 3, విడి పలకల అట్ట 1. ఖర్చు రూ. 2,750. పాత సీసా పారెయ్యలేదు, బెండకాయ తారతో సహా పెట్టె పక్కనే పెట్టాను.

ఈకతార (ఈకల్లాంటి చేతులున్న జీవి, ఇదీ ఈ వర్గానిదే) గడి ఖాళీగా ఉంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, బోట్లు కదలవు. కలాసీకి బొమ్మ చూపించి, ఫోటో అతని ఫోన్లో పెట్టి వచ్చాను. "ఇదైనా తినేదేనా మేస్టారూ?" అని అడిగాడు.